గుండె మందుకు జెనరిక్ ఉందా? తేల్చేది మందు వయసే

విజయవాడ సూర్యారావుపేటలో క్లినిక్కులకూ మందుల షాపులకూ కొదవ లేదు. చీటీ చూపించి "దీనికి జెనరిక్ ఉందా?" అని, అంటే అదే రసాయనంతో వేరే కంపెనీ చేసిన చౌక మందు ఉందా అని అడిగితే మాత్రం "డాక్టరుగారు రాసిందే ఇవ్వాలండీ" అంటారు. లాభం లెక్క ఎలా ఉన్నా, రూలు కూడా అలాగే ఉంది. డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్ మందు బదులు, అదే రసాయనం ఉన్నా సరే, వేరే తయారీ ఇవ్వకూడదని 1945 డ్రగ్స్ రూల్స్‌లోని 65వ నిబంధన చెబుతోంది. గుండె మందులు చాలావరకు ఆ షెడ్యూల్లోనివే. కాబట్టి మందు పేరును జెనరిక్‌గా, అంటే రసాయనం పేరుతో రాయమని ముందే డాక్టరుగారినే అడగాలి.

1970 పేటెంట్ల చట్టం మందు తయారుచేసే పద్ధతికే పేటెంటు ఇచ్చింది, మందుకు ఇవ్వలేదు. అందుకే అటెనొలాల్, అటార్వాస్టాటిన్, క్లోపిడోగ్రెల్ ఇక్కడ పదుల కంపెనీలు చేస్తున్నాయి. మనం "కంపెనీ మందు" అనుకునేవి ఎక్కువ భాగం పేరు తగిలించుకున్న జెనరిక్‌లే. 2005 జనవరి 1 నుంచి మందుకే పేటెంటు ఇవ్వడంతో ఆ వెసులుబాటు పోయింది. ఆ తర్వాత వచ్చిన కొత్త మందులకు పేటెంటు తీరేదాకా ఆగాల్సిందే.

గుండె బలహీనపడినవాళ్లకు రాసే సాక్యుబిట్రిల్-వల్సార్టాన్ సంగతే చూడండి. నోవార్టిస్ దీన్ని వైమాడా పేరుతో అమ్మింది. అసలు పేటెంటు 2023 జనవరిలో తీరగానే జెనరిక్‌లు వచ్చేశాయి. అంతకు నెల ముందే, 2022 డిసెంబరులో, అదే మందు మరో రూపానికి ఇంకో పేటెంటు దక్కింది. 2025 సెప్టెంబరులో దాన్ని రద్దు చేశారు.

వెతికేటప్పుడు షీటు మీది బ్రాండు పేరు వదిలేసి, రసాయనం పేరు, మిల్లీగ్రాములు రాసుకోండి. జెనరిక్‌లు అమ్మే ప్రభుత్వ జన ఔషధి కేంద్రాల 'జన ఔషధి సుగమ్' యాప్‌లో ఆ పేరు కొడితే మందు, ధర, దగ్గరి కేంద్రం కనిపిస్తాయి. పొరపాటు జరిగేది అంకెల దగ్గరే. సాక్యుబిట్రిల్-వల్సార్టాన్ షీటు మీద 50 అని ఉంటే 24, 26 కలిపి అన్నమాట. 100 అంటే 49, 51. సగానికి సగం తేడా! రామిప్రిల్, ఎనలాప్రిల్ వాడుతున్నవాళ్లు డాక్టరుగారు చెప్పాక అవి ఆపి, 36 గంటలు గడిచాకే దీన్ని మొదలుపెట్టాలి. లేకపోతే ముఖం, గొంతు వాచే ప్రమాదముంది.

బీపీకి, గుండెకు వాడే మెటోప్రొలాల్ అయితే తోక పేరు కూడా చూడాలి. సక్సినేట్ ఈఆర్ (మందు మెల్లగా విడుదలయ్యే రకం) రోజుకొక్కసారి వేసుకునేది, టార్ట్రేట్ సాధారణంగా రెండుసార్లు వేసుకునేది. ధర తక్కువని ఒకదాని బదులు ఇంకొకటి తెచ్చుకోకూడదు.