హ్యాంగ్ అయ్యే కంప్యూటర్‌కు మూడింతల ఓపిక

పూర్తిగా చచ్చిపోయిన కంప్యూటర్‌ను బాగు చేయడం అంత కష్టం కాదు. ఒక్కో భాగం మార్చి బటన్ నొక్కితే జవాబు అక్కడికక్కడే తెలుస్తుంది. తలనొప్పంతా అప్పుడప్పుడు హ్యాంగ్ అయ్యేదానితోనే. బిల్లు కొడుతుంటే తెర బిగుసుకుపోతుంది, పాట వింటుంటే బిగుసుకుపోతుంది, ఎవరూ ముట్టుకోకపోయినా బిగుసుకుపోతుంది. మెకానిక్ వచ్చి కూర్చున్నంతసేపూ మాత్రం ఎంతో బుద్ధిగా నడుస్తుంది.

చెన్నై తిరువల్లిక్కేణిలో మా మేనమామ తెలుగు శుభలేఖలు, కరపత్రాలు డీటీపీ చేస్తుంటారు. ఒక ఎండాకాలం ఆయన డెస్క్‌టాప్‌కు ఈ జబ్బు పట్టుకుంది. మొదట వచ్చిన కుర్రాడు విండోస్ పాడైందని ఫార్మాట్ కొట్టాడు. తరువాతి వాడు ర్యామ్ మార్చాడు. ఇంకొకాయన యాంటీవైరస్ అమ్మి వెళ్లాడు. ప్రతిసారీ రెండు రోజులు బాగానే నడిచేది, "ఇక రాదు సార్" అన్న మాట మీద మామయ్య డబ్బు ఇచ్చేసేవారు, సరిగ్గా పెళ్లికార్డు ప్రెస్సుకు వెళ్లాల్సిన రాత్రి మళ్లీ ఆగేది.

వాళ్లెవరూ మోసగాళ్లు కారు. రెండు రోజులు నడిస్తే నయమైనట్టేనని నమ్మారు, అంతే. ఆ నమ్మకం ఎంత పలచనిదో చిన్న లెక్క చెబుతుంది.

సగటున మూడు రోజులకు ఒకసారి హ్యాంగ్ అయ్యే యంత్రం ఉందనుకుందాం. మనం ఏమీ చేయకపోయినా అది వరసగా మూడు రోజులు ఆగకుండా నడిచే అవకాశం ఎంత? చాలా తక్కువ అనిపిస్తుంది గానీ, దాదాపు 37 శాతం. ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా జరిగే ఘటనల లెక్క ఇది. కాలేజీలో పాయిజాన్ విభాజనం చదివినవారికి గుర్తుండే ఉంటుంది. ఆరు రోజులు నడిచే అవకాశం ఇంకా 13 శాతం పైనే. తొమ్మిది రోజులు గడిస్తే గానీ అది 5 శాతానికి దిగదు. అంటే, ఒక మార్పు చేశాక మామూలు వ్యవధికి మూడింతల కాలం హ్యాంగ్ కాకుండా నడిస్తేనే ఆ మార్పు పనిచేసిందని కాస్త ధైర్యంగా అనవచ్చు. అంతకుముందు అనేదంతా కాకి వాలగానే తాటిపండు రాలిందనడమే. పైగా ఇలాంటి ఘటనలు సమానమైన ఎడంతో రావు. ఒకే రోజు రెండుసార్లు ఆగి, ఆపైన వారం రోజులు ఏ గొడవా లేకుండా నడవడం మామూలే. ఆ వారంలో ఎవరు ఏ స్క్రూ తిప్పినా మంచి పేరు వాళ్లదే.

అంత ఓపిక లేనివారికి మరో దారి ఉంది: యంత్రాన్ని త్వరగా హ్యాంగ్ చేయించడం. గంటకు ఒకసారి ఆగేలా చేయగలిగితే మూడు గంటల్లో తేలిపోతుంది. ప్రైమ్95 అనే ప్రోగ్రాము ఇందుకు బాగా పనికొస్తుంది. అది నిజానికి అతి పెద్ద ప్రధాన సంఖ్యలను వెతకడానికి పుట్టింది. తన లెక్కను తానే సరిచూసుకుంటుంది గనుక ప్రాసెసర్ గానీ ర్యామ్ గానీ తప్పు చేస్తే తరచుగా దానికి దొరికిపోతుంది. ఇంటెల్ కంపెనీవే కొన్ని స్కైలేక్ రకం ప్రాసెసర్లు సంక్లిష్టమైన లెక్కల మధ్య హ్యాంగ్ అవుతున్నాయని ఈ ప్రధాన సంఖ్యల వేటగాళ్లే పట్టుకున్నారు. 2016 జనవరిలో ఇంటెల్ ఆ లోపాన్ని ఒప్పుకుంది. దానికి మందు బయాస్ అప్‌డేట్, అంటే కంప్యూటర్ వెలగగానే అన్నిటికంటే ముందు నడిచే ప్రోగ్రామును కొత్తది చేయడం. అందుకే క్యాబినెట్ విప్పకముందే తాజా బయాస్ ఉందో లేదో చూడమంటాను.

హ్యాంగ్ అయిన క్షణంలో వెంటనే పవర్ బటన్ మీదికి చెయ్యి పోనివ్వకండి. ముందు క్యాప్స్‌లాక్ నొక్కండి. కీబోర్డు మీద దీపం వెలిగి ఆరుతుంటే ఆపరేటింగ్ సిస్టం లోలోపల ఇంకా పనిచేస్తోందని, చిక్కు డిస్కు దగ్గరో గ్రాఫిక్స్ దగ్గరో ఉండవచ్చని అర్థం. దీపంలో చలనం లేకపోతే వ్యవహారం ఇంకా లోతైనది. మౌస్ బాణం కదులుతున్నా ఏదీ తెరుచుకోకపోతే నా అనుమానం ముందు డిస్కు మీదికి పోతుంది. ఒక చోటు చదవలేకపోతే హార్డ్‌డిస్కు వెంటనే చేతులెత్తేయదు, అక్కడే మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. అంతసేపూ మిగతా పనులన్నీ ఆగాల్సిందే. డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ పట్టికలో 5, 197 నంబర్లు చెడిన సెక్టార్ల (డిస్కు మీది చిన్న గడుల) గురించి చెబుతాయి. 199 ఒక్కటే పెరుగుతుంటే దోషం ఎక్కువగా డేటా కేబుల్‌ది. కొత్త డిస్కు కొనే ముందు కేబుల్ మార్చి చూడండి.

విండోస్ తన ఘటనలను రాసిపెట్టుకునే ఈవెంట్ వ్యూయర్‌లో "కెర్నల్-పవర్ 41" చూడగానే ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే డబ్బా) పోయిందని తీర్పు ఇచ్చేవారు చాలామంది ఉన్నారు. క్రితంసారి యంత్రం సరిగా షట్‌డౌన్ కాలేదన్న ముక్క తప్ప, హ్యాంగ్‌కు కారణం అందులో సాధారణంగా ఉండదు. బటన్ నొక్కిపట్టి ఆపింది మనమే కదా!

ర్యామ్‌లో సున్నానో ఒకటినో చూపే ఒక్కో బిట్టు చిన్న విద్యుదావేశం. అది కారిపోతూ ఉంటుంది గనుక సాధారణంగా ప్రతి 64 మిల్లీసెకన్లకు ఒకసారి తిరిగి నింపాలి. చిప్పుల పింగాణీ తొడుగులోంచి వచ్చే ఆల్ఫా కణాలు ఈ బిట్లను తిప్పేయగలవని 1970ల చివర్లో ఇంటెల్‌లో టిమోతీ మే, ముర్రే వుడ్స్ కనుగొన్నారు. అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలూ ఆ పని చేయగలవు. వినడానికి గొప్ప కథే గానీ, మన హ్యాంగ్‌కు ఆ కిరణాలను నిందించడం తొందరపాటు. గూగుల్ సర్వర్లపై 2009లో వెలువడిన అధ్యయనంలో ఏడాదికి 8 శాతానికి పైగా ర్యామ్ స్టిక్కులలో తప్పులు దొర్లాయి. వాటిలో ఎక్కువ భాగం హార్డ్‌వేర్ సొంత లోపాల వల్లేనని తేలింది. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రామును పెన్‌డ్రైవ్‌లో పెట్టి రాత్రంతా నడపండి. ఒక్క తప్పు వచ్చినా ర్యామ్‌నో, దాని స్లాటునో అనుమానించాలి. ఏమీ రాకపోతే అనుమానం తగ్గుతుందే తప్ప పోదు.

వేడి విషయంలో ఎక్కువగా నింద పడేది ప్రాసెసర్ వేడిని బయటికి చేరవేసే థర్మల్ పేస్ట్ మీద. కానీ ఈనాటి ప్రాసెసర్ 100 డిగ్రీల దరిదాపులకు వస్తే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, ఇంకా మించితే ఆరిపోతుంది. వేడికి నోరు లేకుండా బలయ్యేవి ఎస్‌ఎంపీఎస్‌లో విద్యుత్తును కాసేపు నిలవ ఉంచి సర్దే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు. వేడి పది డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సుమారుగా సగమవుతుంది. 105 డిగ్రీల వద్ద 2,000 గంటలు పనిచేసేది 65 డిగ్రీల వద్ద 32,000 గంటలు, 75 వద్ద 16,000 గంటలే వస్తుంది. రోజుకు పది గంటల వాడకంలో అది తొమ్మిదేళ్లకూ నాలుగున్నరేళ్లకూ ఉన్న తేడా. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఏసీ లేని చెన్నై గదిలో, దుమ్ము పట్టిన ఫ్యాను వెనక కెపాసిటర్ల గతి ఏమిటో చెప్పనక్కరలేదు.

ముసలిదైన కెపాసిటర్ విద్యుత్తును నిలకడగా ఉంచలేదు. 12 వోల్టుల లైను 11.4కూ 12.6కూ మధ్య ఉండాలి. మల్టీమీటర్‌తో చూస్తే సరిగానే కనిపిస్తుంది, ఎందుకంటే మిల్లీసెకన్లలో వచ్చి పోయే పతనాలను అది చూపలేదు. టార్చి వేసి జాలీలోంచి చూస్తే ఒక్కోసారి ఉబ్బిన కెపాసిటర్ తలలు కనిపిస్తాయి. ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం విప్పకండి. ప్లగ్ తీశాక కూడా లోపల కొంతసేపు 300 వోల్టులకు పైనే ఉండవచ్చు.

మామయ్య యంత్రంలో దోషి ఎస్‌ఎంపీఎస్సే. కొత్త ఎస్‌ఎంపీఎస్ పెట్టాక మూడింతల గడువూ దాటింది. అప్పుడు పాతదాన్ని మళ్లీ బిగిద్దామంటే ఆయన కోప్పడ్డారు: "బాగైనదాన్ని మళ్లీ చెడగొడతావేమిటిరా?" కానీ భాగం మార్చేటప్పుడు వైర్లన్నీ ఊడదీసి మళ్లీ గట్టిగా గుచ్చుతాం, వదులుగా ఉన్న పిన్ను ఒకటి సర్దుకుని నయమై ఉండవచ్చు. పాతది పెట్టగానే జబ్బు తిరిగొస్తేనే నేరం రుజువైనట్టు. పెట్టాం, వచ్చింది.

ఇవన్నీ చూసినా దొరకకపోతే మిగిలేది భాగాలన్నిటినీ కలిపే మదర్‌బోర్డు. దాన్ని నేరుగా పరీక్షించే సులువైన దారి మనకు లేదు, మార్చి చూడటమే. మౌంట్ రోడ్డు పక్కన రిచీ స్ట్రీట్‌లో వాడిన బోర్డు కొనేవారు ధరకంటే ముందు వాపసు గడువు గురించి బేరమాడాలి. పది రోజులకు ఒకసారి హ్యాంగ్ అయ్యే యంత్రానికి వారం రోజుల టెస్టింగ్ వారంటీ ఏ మూలకూ చాలదు, నెల అడగండి.