ఖరీదైన క్రీము ఎప్పుడు కొనాలి, ఎప్పుడు అక్కర్లేదు: అపోహలు - వాస్తవాలు

నేను కాస్మెటిక్స్ తయారీలో ఫార్ములేషన్ కెమిస్ట్‌ని. ఏ క్రీములో ఏం పడాలి, ఎంత పడాలి, మన ఎండలకు గోడౌన్‌లో విడిపోకుండా ఎలా నిలబెట్టాలి అన్నవి చూసుకోవడం నా పని. చుట్టాలైనా ఇరుగుపొరుగైనా నన్ను అడిగేది ఒక్కటే: "అంత డబ్బు పోసి కొంటే తేడా ఉంటుందా?" కొన్నింటికి ఉంటుంది. చాలావాటికి ఉండదు. ఏది ఎందులోకి వస్తుందో తెలిస్తే చేతిలో డబ్బు మిగులుతుంది. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు జీతంలో ఇంత పక్కన పెట్టుకుని, అక్కర్లేనిదానికి పోసేయడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

అపోహ: ధర ఎక్కువంటే లోపల సరుకు ఖరీదైనదని అర్థం.

మామూలు మాయిశ్చరైజర్‌లో సగానికి పైగా నీళ్ళే. ఆ తర్వాత గ్లిజరిన్, నూనెలు, మైనం లాంటివి, నూనెనీ నీళ్ళనీ విడిపోకుండా పట్టి ఉంచే ఎమల్సిఫైయర్, బూజు పట్టకుండా ప్రిజర్వేటివ్, సువాసన. వీటిలో చాలావరకు చవక సరుకులే. సీరమ్‌ల (ముఖానికి రాసే పల్చటి ద్రావణాల) మీద పెద్ద అక్షరాలతో కనిపించే నియాసినమైడ్ అంటే విటమిన్ బి3. దాన్ని పశువుల దాణాలో, కోళ్ళ మేతలో కలపడానికి కూడా టన్నుల లెక్కన తయారుచేస్తారు. మచ్చలు తగ్గడానికి, జిడ్డు అదుపులో ఉండటానికి అది 2 నుంచి 5 శాతం ఉంటే చాలు. కాబట్టి నియాసినమైడ్ కోసమే కొనేటప్పుడు 500 రూపాయల సీసాకీ 3,000 రూపాయల సీసాకీ మధ్య మీ చర్మం పోల్చుకోగల తేడా సాధారణంగా ఉండదు.

మరి మిగతా డబ్బు ఎటు పోతుంది? బరువైన గాజు సీసా, లోపల ఇంకో పెట్టె, ప్రకటన, షాపువాడి మార్జిన్. లేబుల్ తిప్పి చూడండి. తయారుచేసేది ఒకరు, మార్కెట్ చేసేది ఇంకొకరు అని చాలా బ్రాండ్‌లకు కనిపిస్తుంది. ఒకే ఫ్యాక్టరీలో పొద్దున ఒక బ్రాండ్, సాయంత్రం ఇంకో బ్రాండ్ నింపడం మా రంగంలో రోజూ జరిగేదే. అంతమాత్రాన రెండింట్లో ఒకటే సరుకు ఉంటుందని కాదు, ఫార్ములా ఎవరిది వాళ్ళకే ఉంటుంది. కానీ ఖరీదైనదాన్ని వేరే లోకంలో తయారుచేస్తారన్న భ్రమ మాత్రం అక్కర్లేదు. లాంకోమ్, గార్నియర్ రెండూ లోరియాల్ గ్రూపువే.

అపోహ: డబ్బా ముందు రాసిన పదార్థం లోపల దండిగా ఉంటుంది.

ముందువైపు రాసేది అమ్మకం కోసం. వెనకవైపు చిన్న అక్షరాలు చదవండి. మన దేశ నిబంధనల ప్రకారం 1 శాతం కన్నా ఎక్కువ ఉన్న పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకు వరసగా రాయాలి. 1 శాతం, అంతకన్నా తక్కువ ఉన్నవాటిని ఆ తర్వాత ఏ వరసలోనైనా రాసుకోవచ్చు. కిటుకంతా ఇక్కడే ఉంది.

ఆ 1 శాతం గీత ఎక్కడుందో కనిపెట్టడానికి ఒక తేలిక దారి చెబుతాను. జాబితాలో ఫినాక్సీఇథనాల్ అనే పేరు వెతకండి. చాలా క్రీముల్లో వాడే ప్రిజర్వేటివ్ ఇది. 1 శాతం మించి వేయరు. అంటే దాని తర్వాత వచ్చే పేర్లన్నీ 1 శాతమో, అంతకన్నా తక్కువో. కుంకుమపువ్వు క్రీమని 1,800 పెట్టి కొన్న డబ్బాలో కుంకుమపువ్వు పేరు ఫినాక్సీఇథనాల్ తర్వాత, సువాసన పక్కన కనిపించిందంటే అది పేరుకే పడిందని అనుకోవచ్చు. నియాసినమైడ్ అక్కడ కనిపించినా ఆ సీసా పక్కన పెట్టేయండి. ముడతలకు వాడే రెటినాల్ (విటమిన్ ఎ రూపం), తేమను పట్టి ఉంచే హైలురోనిక్ యాసిడ్, ప్రొటీన్ ముక్కలైన పెప్టైడ్‌లు మాత్రం తక్కువ మోతాదులోనే పనిచేస్తాయి కాబట్టి అవి చివర్లో ఉన్నా తప్పు లేదు.

అపోహ: ఖరీదైన ఫేస్ వాష్‌తో ముఖానికి మెరుపు వస్తుంది.

అది ముఖం మీద ఉండేది అర నిమిషం. విటమిన్ సి అయినా బంగారం రజను అయినా సింకులోకే పోతుంది. చర్మం బిగుసుకుపోకుండా జిడ్డు, దుమ్ము పోతే చాలు. ఇక్కడ మిగిల్చిన డబ్బు సన్‌స్క్రీన్‌కి పెట్టండి.

అపోహ: కొలాజెన్ క్రీము రాస్తే చర్మంలో కొలాజెన్ పెరుగుతుంది.

కొలాజెన్ అంటే చర్మానికి బిగువునిచ్చే ప్రొటీన్. చర్మం పైపొర దాటి లోపలికి వెళ్ళాలంటే అణువు చాలా చిన్నదై ఉండాలి. సుమారు 500 డాల్టన్‌లు (అణువు బరువును కొలిచే ప్రమాణం) దాటితే కష్టమని మా రంగంలో ఒక లెక్క. కొలాజెన్ అణువు దాదాపు 3,00,000 డాల్టన్‌లు. అది పైనే పొరలా నిలిచి కాసేపు తేమను పట్టి ఉంచుతుంది. ఆ పని గ్లిజరిన్ కూడా చేస్తుంది. మడమల పగుళ్ళకు, మండేలా పొడిబారిన చేతులకు అయితే వాజలైన్ లాంటి పెట్రోలియం జెల్లీకి సాటి వచ్చే ఖరీదైన సరుకును నేనింతవరకు చూడలేదు. చర్మంలోంచి తేమ ఆవిరైపోకుండా అడ్డుకోవడంలో దానిదే పైచేయి. స్నానం చేసి, ఒళ్ళు ఇంకా తడిగా ఉండగానే పల్చగా రాయండి.

అపోహ: ఇదంతా దండగే, అన్నిట్లోనూ చవకది కొంటే చాలు.

పై మాటలు విని చాలామంది ఇటు మొగ్గుతారు. ఇది కూడా తప్పే. ధర పెట్టడం నిజంగా న్యాయమయ్యే చోట్లు ఉన్నాయి.

మొదటిది విటమిన్ సి. దాని అసలు రూపం ఎల్-ఆస్కార్బిక్ యాసిడ్. చర్మంలోకి వెళ్ళాలంటే ద్రావణం పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 3.5 కన్నా తక్కువ ఉండాలి, మోతాదు 10 నుంచి 20 శాతం మధ్య ఉండాలి. 20 దాటితే లాభం పెరగదు, మంట పెరుగుతుంది. ఇంతకన్నా పెద్ద చిక్కు ఏంటంటే గాలి, వెలుతురు, వేడి తగిలితే అది పాడైపోతుంది. అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీకి చెందిన షెల్డన్ పిన్నెల్ బృందం 15 శాతం విటమిన్ సి, 1 శాతం విటమిన్ ఇ, మొక్కల్లో దొరికే ఫెరూలిక్ యాసిడ్ అర శాతం కలిపితే ద్రావణం నిలబడుతుందని, ఎండ నుంచి రక్షణ కూడా పెరుగుతుందని 2005లో చూపించింది. ఈ రకం సీరమ్‌ను సరిగ్గా చేయాలంటే సరుకుతో పాటు పరీక్షలకూ ప్యాకింగుకూ ఖర్చవుతుంది. మేం కొత్త ఫార్ములాను 40 డిగ్రీల వేడిలో, 75 శాతం తేమలో నెలల తరబడి ఉంచి చూస్తాం. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెలలో డెలివరీ బండిలో తిరిగే సీసాకు అంతకన్నా పెద్ద పరీక్షే ఎదురవుతుంది.

మీరు ఇంట్లోనే చూడొచ్చు. మంచి స్థితిలో ఉన్న సీరమ్ నీళ్ళలా లేదా లేత గడ్డిరంగులో ఉంటుంది. టీ డికాక్షన్ రంగుకు వచ్చిందంటే పని అయిపోయినట్టే, ఎంత పెట్టి కొన్నా పారేయాల్సిందే. అందుకే పారదర్శకమైన సీసాలో వచ్చేది, ఎన్నాళ్ళనుంచో షాపు అరలో ఎండ తగులుతూ ఉన్నది కొనకండి. పెద్ద సీసా కన్నా చిన్న సీసా మేలు. రెటినాల్‌దీ ఇదే కథ. వెడల్పు మూత డబ్బాలో, రోజూ వేలు ముంచి తీసుకునేలా ఉందంటే ధర ఎంతైనా నేను కొనను. అల్యూమినియం ట్యూబు, గాలి చొరబడని పంపు ఉన్నదానికి వంద రెండొందలు ఎక్కువ పెట్టడం సబబు.

రెండోది సన్‌స్క్రీన్. ఎస్‌పీఎఫ్ అంటే ఎండ నుంచి ఎంత రక్షణో చెప్పే అంకె. అది 30 అయితే చర్మాన్ని కమిలించే యూవీబీ కిరణాల్లో దాదాపు 97 శాతాన్ని, 50 అయితే 98 శాతాన్ని ఆపుతుంది. కానీ ఆ అంకెలు వచ్చేది చర్మం మీద చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున రాసినప్పుడు. ముఖానికి 600 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే 1.2 గ్రాములు కావాలి. అంటే 50 గ్రాముల ట్యూబు రోజుకు ఒక్కసారి, ఒక్క ముఖానికే రాసినా 40 రోజులకు అయిపోవాలి. 1,500 పెట్టి కొన్న ట్యూబు నాలుగు నెలలు వస్తోందంటే మీరు కావలసినదాంట్లో మూడో వంతు రాస్తున్నారు, మీకు అందే రక్షణ డబ్బా మీది అంకెకు చాలా దూరంలో ఉంది. 400 రూపాయల ట్యూబును టెన్షన్ లేకుండా ధారాళంగా రాసుకునేవాళ్ళకు మీకన్నా మేలైన రక్షణ ఉంటుంది.

ఇక్కడ ఎక్కువ పెట్టడంలో అర్థం రెండు సందర్భాల్లో ఉంది. జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఉన్న చవక రకాలు చామనఛాయ మీద తెల్లగా, బూడిద పూసినట్టు తేలతాయి. దాంతో జనం రాయడం మానేస్తారు. టినోసార్బ్, యువినుల్ లాంటి కొత్త ఫిల్టర్‌లు (ఎండ కిరణాలను ఆపే పదార్థాలు) ఉన్నవి తెలుపు తేలవు, జిడ్డు తక్కువ. మీరు రోజూ రాసుకునేది ఏదో అదే మీకు మంచి సన్‌స్క్రీన్. కాబట్టి హాయిగా అనిపించేదానికి ఇంకో రెండొందలు పెట్టండి. ఇక మంగు ఉన్నవాళ్ళ సంగతి. మంగును ముదరబెట్టేది యూవీ ఒక్కటే కాదు, కంటికి కనిపించే వెలుతురు కూడా. దాన్ని మామూలు సన్‌స్క్రీన్ ఆపదు. ఐరన్ ఆక్సైడ్‌లు కలిసిన, రంగు ఉన్న టింటెడ్ సన్‌స్క్రీన్ కావాలి. కాస్త ఎక్కువైనా మంగుకు ఇదే కొనమని మా అక్కకైనా చెబుతాను.

ఫౌండేషన్‌ది వేరే లెక్క. అక్కడ మీరు డబ్బు పెట్టేది రంగు కుదరడానికి. మన ఛాయలకు సరిపడా షేడ్‌లు ఉన్న బ్రాండ్ ఏదైతే అదే కొనండి. షాపు లైట్ల కింద కాకుండా బయటికొచ్చి, దవడ దగ్గర రాసుకుని పగటి వెలుతురులో చూసుకోండి.

అపోహ: ఖరీదైనది సున్నితమైన చర్మానికి పడుతుంది.

క్రీముల వల్ల వచ్చే అలర్జీలకు పెద్ద కారణాల్లో సువాసన ఒకటి. ఖరీదైన క్రీములకు ఆ ఖరీదైన అనుభూతిని ఇచ్చేది తరచుగా ఆ సువాసనే. "డెర్మటాలజికల్లీ టెస్టెడ్" అన్న మాట చూసి కూడా నిశ్చింతగా ఉండకండి. ఎంతమంది మీద పరీక్షించారో, ఏం తేలిందో ఆ మాటలో లేదు. కొత్తది ఏదైనా మోచేతి మడత దగ్గర ఓ వారం పాటు రాసి చూసుకున్నాకే ముఖానికి రాయండి.

అపోహ: డాక్టర్ ఫీజు దండగ, ఆ డబ్బుతో మంచి క్రీము కొనుక్కోవచ్చు.

ముడతలకైనా మొటిమలకైనా ట్రెటినాయిన్‌కి (రెటినాల్ లాగే విటమిన్ ఎ రకం, ఇంకా బలమైనది) ఉన్నంత రుజువు ఏ బ్యూటీ క్రీముకూ లేదు. ఆ ట్యూబు మెడికల్ షాపులో దొరికే ధర ముందు ఖరీదైన రెటినాల్ సీరమ్‌ల ధర చాలా ఎక్కువ. కానీ అది మందు. డాక్టర్ చీటీ మీదే వాడాలి, కడుపుతో ఉన్నవాళ్ళు, పిల్లల కోసం చూస్తున్నవాళ్ళు వాడకూడదు. పక్కింటావిడకు పనిచేసిందని మంగు ట్యూబు తెచ్చుకోవడం మాత్రం మానండి. వాటిలో చాలావాటిలో స్టీరాయిడ్ ఉంటుంది. మొదట ముఖం తేటపడుతుంది. నెలలు గడిచాక చర్మం పల్చబడి, ఎర్ర నరాలు తేలి, ఎండలోకి వెళ్తే భగ్గుమంటుంది. ఆపితే అంతకన్నా ఎక్కువవుతుంది. 2018లో కేంద్రం 14 రకాల స్టీరాయిడ్ క్రీములను చీటీ లేకుండా అమ్మకూడని జాబితాలోకి తెచ్చింది. అయినా అడిగితే ఇచ్చేస్తున్నారు.

అపోహ: విదేశీ క్రీము, అందులోనూ గట్టి ధర, అంటే భయం లేదు.

కేరళలోని మలప్పురం జిల్లాలో 2023లో బయటపడిన సంగతి చాలామందికి తెలియదు. కిడ్నీలోంచి ప్రొటీన్ పోయే మెంబ్రనస్ నెఫ్రోపతీతో వచ్చినవాళ్ళను అక్కడి డాక్టర్లు ఆరా తీస్తే, అందులో ఒక అరుదైన రకం ఉన్న 15 మందిలో 13 మంది ఫెయిర్‌నెస్ క్రీములు వాడినట్టు తేలింది. కారణం ఆ క్రీముల్లోని పాదరసం. మెలనిన్ తయారీని అది ఆపేస్తుంది కాబట్టి రంగు త్వరగా మారుతుంది, చర్మం గుండా ఒంట్లోకీ చేరుతుంది. గల్ఫ్ నుంచి వచ్చిన చుట్టాలు తెచ్చారనో, పార్లర్‌లో ఇచ్చారనో, ఆన్‌లైన్‌లో సగం ధరకు వచ్చిందనో చేతికందిన డబ్బాను ముందు తిప్పి చూడండి. ఇక్కడ తయారైనదైతే తయారీదారు పేరు, చిరునామా, లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, పదార్థాల జాబితా ఉండాలి. మన దేశంలో అమ్మే దిగుమతి సరుకైతే దిగుమతిదారు పేరు, చిరునామా, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ నంబరు ఉండాలి. అవి లేకపోయినా, జాబితాలో మెర్క్యురీ, కాలోమెల్, మెర్క్యూరిక్ (అన్నీ పాదరసం పేర్లే) అనే మాటలు కనిపించినా వాడకండి. ఇప్పటికే కొన్నాళ్ళుగా వాడుతూ ఉండి, కాళ్ళ వాపు, మూత్రంలో నురగ ఉంటే డాక్టర్ దగ్గరికి ఆ డబ్బా కూడా తీసుకెళ్ళి మూత్ర పరీక్ష చేయించుకోండి.