‘నరం తప్పింది’ అనుకునే ముందు: మణికట్టు, మెదడు గురించి కొన్ని అపోహలు

దిల్‌సుఖ్‌నగర్‌లో ఫిజియోథెరపీ చేస్తూ 14 ఏళ్ళయింది. నా టేబుల్ మీద ఎప్పుడూ రెండు బొమ్మలుంటాయి. ఒకటి మణికట్టు ఎముకలది, ఇంకొకటి ముక్కలుగా విప్పి చూపించే మెదడు. చెయ్యి పట్టుకుని లోపలికి వచ్చేవాళ్ళలో సగం మంది మొదటి మాట ‘మేడం, నరం తప్పింది’. తప్పు ఎముకలో ఉందా, నరంలో ఉందా, మెదడులో ఉందా అన్నది తేలకుండా రాసే నూనె, వేసే కట్టు, మింగే మాత్ర అన్నీ గుడ్డిగా వేసే బాణాలే. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: మణికట్టు ఒకటే కీలు.

అక్కడ 8 చిన్న ఎముకలు రెండు వరసల్లో సర్దుకుని ఉంటాయి. చిటికెన వేలి వైపున్నది బఠానీ గింజంతే. ముంజేతిలోని రెండు పొడుగు ఎముకల్లో బొటనవేలి వైపుది రేడియస్, బడి పుస్తకంలో రత్ని అని చదువుకున్నదే. ఆ 8 ఎముకల్లో ముంజేతి వైపు వరసతో నేరుగా కీలు కట్టేది ఇదే. రెండోది, అల్నా, వాటిని తాకదు. మధ్యలో మెత్తటి పలక అడ్డుంటుంది. చెయ్యి పైకీ కిందికీ వంచితే రేడియస్ దగ్గరి కీలూ, రెండు వరసల మధ్య కీలూ కలిసి కదులుతాయి.

అరచెయ్యి తిప్పడం మాత్రం వేరే సంగతి. ఎడమ చేత్తో కుడి ముంజేతిని మధ్యలో పట్టుకుని, కుడి అరచేతిని తీర్థం పట్టినట్టు పైకి తిప్పండి, మళ్ళీ బోర్లించండి. లోపల ఎముక దొర్లడం మీ వేళ్ళకే తెలుస్తుంది. అల్నా చుట్టూ రేడియస్ తిరుగుతోందన్నమాట. ఆ తిరుగుడుకు కీళ్ళు మోచేతి దగ్గర ఒకటి, మణికట్టుకు కాస్త పైన ఒకటి. బాత్రూములో జారి, చెయ్యి ఆనించి పడ్డ పెద్దవాళ్ళకు ఎక్కువగా విరిగేది రేడియస్ కింది చివర. డబ్లిన్ సర్జన్ అబ్రహం కోలిస్ దీన్ని 1814లోనే వర్ణించాడు, ఎక్స్‌రే పుట్టడానికి 81 ఏళ్ళ ముందు. పిండికట్టు విప్పాక ‘తీర్థం పట్టడానికి చెయ్యి తిరగట్లేదమ్మా’ అని వచ్చే అత్తమ్మలు ఇంట్లో అరచేతిని పట్టుకుని మెలిపెట్టించుకుంటారు. దయచేసి వద్దు. మోచెయ్యి నడుముకు ఆనించి, ముంజేతిని పట్టుకుని మెల్లగా తిప్పాలి.

అపోహ: ఎక్స్‌రేలో ఏమీ లేదంటే బెణుకే.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. ఒక డెలివరీ కుర్రాడు వానలో మలక్‌పేట దగ్గర బండి జారి అరచెయ్యి ఆనించి పడ్డాడు. ‘ఎక్స్‌రేల ఏం లేదన్నరు మేడం, బెణికిందన్నరు’ అంటూ నా దగ్గరికి వచ్చేసరికి మూడు నెలలు. మధ్యలో పసరు కట్టు, తర్వాత మాలిష్. విరిగింది ఆ 8 ఎముకల్లో స్కాఫాయిడ్ అనేది. అప్పటికీ అతుక్కోలేదు. ఆపరేషన్‌కి పంపించాను.

బొటనవేలిని వెనక్కి చాపితే దాని మొదట్లో రెండు తాళ్ళు లేస్తాయి, మధ్యలో గుంట పడుతుంది. వెనకటికి పెద్దలు నశ్యం పోసుకుని పీల్చింది ఆ గుంటలోంచే. దాని అడుగునే ఉంటుంది స్కాఫాయిడ్. దీని సన్నటి పగులు మొదటి రోజు ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు. పైగా ఈ ఎముకకు రక్తం చాలావరకు వేళ్ళ వైపు నుంచి వెనక్కి పారుతుంది. నడుమ విరిగితే ముంజేతి వైపు ముక్కకు రక్తం అందక చచ్చిపోయే ప్రమాదం ఉంది. పడ్డాక ఆ గుంటలో నొక్కితే నొప్పి ఉంటే ఎక్స్‌రే బాగున్నా చెయ్యి కదలకుండా కట్టించుకోండి. 10 నుంచి 14 రోజులకు మళ్ళీ ఎక్స్‌రే, లేదా ముందే ఎమ్మారై. ఈలోపు ఎవరితోనూ లాగించుకోవద్దు.

అపోహ: చేతి తిమ్మిర్లన్నీ నరాల బలహీనత, బి12 వేసుకుంటే పోతాయి.

బి12 లోపం నిజంగా ఉన్నవాళ్ళున్నారు. కానీ నేను అడిగేది: ఏ వేళ్ళు? బొటనవేలు, చూపుడు, నడిమి వేలు, ఉంగరపు వేలులో సగం, అదీ రాత్రి నిద్రలో లేపేసి, చెయ్యి విదిలిస్తే తగ్గుతోందంటే మణికట్టులోని ఇరుకు దారిని అనుమానించాలి. ఆ దారిలో 9 టెండన్లూ (కండను ఎముకకు కట్టే తాళ్ళు), మీడియన్ నరం ఒక్కటీ దూరి వెళ్తాయి. రాత్రిపూట మణికట్టు నిటారుగా ఉంచే పట్టీతోనే చాలామందికి ఉపశమనం. షుగరు, థైరాయిడ్ చూపించుకోవాలి. చిటికెన వేలు తిమ్మిరైతే అది వేరే నరం, తరచుగా మోచేతి దగ్గర నొక్కుకుపోయింది.

అపోహ: పొద్దున లేచేసరికి మణికట్టు వేలాడితే పక్షవాతమే, లేదా పక్షవాతం కానే కాదు.

రెండూ విన్నాను. కుర్చీ వీపు మీద చెయ్యి వేలాడేసి నిద్రపోతే పై చేతిలో రేడియల్ నరం నొక్కుకుపోయి మణికట్టు లేవదు. కొన్ని వారాల్లో చాలామందికి దానంతటదే వస్తుంది. కానీ మెదడులో చేతిని కదిలించే భాగం చిన్న గుబ్బలా ఉంటుంది, అక్కడ చిన్న గడ్డ అడ్డుపడ్డా చెయ్యి అచ్చం అలాగే వేలాడొచ్చు. ఇంట్లో తేల్చుకునే సంగతి కాదు. మూతి వంకర, మాట తడబాటు, ఒక పక్క బలం పోవడం, ఏది కనిపించినా 108. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి లక్షణాలు మొదలైనప్పటి నుంచి సాధారణంగా 4.5 గంటలే గడువు. పక్షవాతానికి మందని పావురం రక్తం రాయడానికి మనుషులు వెతుక్కుంటూ పోయింది ఆ గంటలే.

అపోహ: మాట పోయిందంటే మతి పోయింది.

ఫ్రెంచ్ డాక్టర్ పాల్ బ్రోకా 1861లో ప్యారిస్ దగ్గర ‘టాన్’ అని తప్ప పలకలేని మనిషిని పరీక్షించాడు. చెప్పింది అతనికి చాలావరకు అర్థమయ్యేది. చనిపోయాక చూస్తే ఎడమ మెదడు ముందుభాగం దెబ్బతిని ఉంది. ఎక్కువమందికి మాట పుట్టే చోటు ఆ వైపే. కుడి చెయ్యిని నడిపేదీ ఎడమ మెదడే కాబట్టి రెండూ కలిసి పోతుంటాయి.

పక్షవాతంతో నా దగ్గరికి వచ్చే ఒక రిటైర్డ్ టీచరమ్మ తన పేరు చెప్పలేరు. ‘ఆదివారం’ అని నేనందిస్తే సోమ, మంగళ, బుధ అంటూ శనివారం దాకా తడబడకుండా వెళ్తారు. అలవాటైన వరస మాట ఇలా మిగలడం ఈ జబ్బులో మామూలే. కొడుకు ఆమె ముందే ‘అమ్మకు ఏం తెలుస్తలేదు’ అన్నాడు. ఆవిడ కళ్ళు నిండాయి. ఇలాంటివాళ్ళతో చిన్న చిన్న మాటలతో, అవును కాదులతో జవాబొచ్చేలా అడగండి, ఆగండి, వాళ్ళ బదులు మీరు పూర్తి చెయ్యొద్దు.

అపోహ: ‘మిడ్‌బ్రెయిన్’ తెరిపిస్తే పిల్లలు కళ్ళు మూసుకునే చదువుతారు.

పిల్లలకు కళ్ళకు గంతలు కట్టి చదివించే ‘మిడ్‌బ్రెయిన్’ క్లాసుల గురించి తల్లులు అడుగుతుంటారు. మిడ్‌బ్రెయిన్ అంటే మెదడులో ఒక భాగం, అది పుట్టినప్పటినుంచి పనిచేస్తూనే ఉంది, దాన్ని ఎవరూ తెరవక్కర్లేదు. చూపుకు కళ్ళు కావాలి. పిల్లలు గంతల సందులోంచి ముక్కు పక్కగా చూస్తున్నారు, అంతే. ఫీజు కట్టకండి.

అపోహ: పక్షవాతం వచ్చాక మూడు నెలల్లో రాని చెయ్యి ఇక రాదు.

మొదటి మూడు నెలల్లో వేగం ఎక్కువ, నిజమే. తర్వాత నెమ్మదిస్తుంది, ఆగిపోదు. దెబ్బతిన్న చోటు చుట్టుపక్కల కణాలు వాడకాన్ని బట్టి కొంత పని నేర్చుకుంటాయి, అందుకు చెయ్యిని వాడాలి. టీచరమ్మకు ఇప్పుడు ఎనిమిదో నెల. రోజూ గిన్నెడు బఠానీలు ఒలవమని ఇచ్చాను. కుడి చేత్తో కాయ పట్టుకోవాలి, ఎడమ చేత్తో విప్పాలి. పోయిన వారం 11 కాయలు, ఈ వారం 19.