ఊదితే మెషీన్ చూసేది వాసన కాదు: డ్రంక్ అండ్ డ్రైవ్ పరీక్షలపై అపోహలు - వాస్తవాలు

నేను ఫోరెన్సిక్ ల్యాబ్‌లో పనిచేస్తాను. వచ్చిన రక్తం శాంపిళ్లలో ఆల్కహాల్ ఎంతుందో కొలిచి రిపోర్టు రాయడం నా ఉద్యోగం. ఆ సంగతి తెలియగానే చాలామంది అడిగేది ఒక్కటే: "దొరక్కుండా ఏం చేయాలి?" వాళ్లు విన్న చిట్కాలేవీ పనిచేయవు. పరీక్షను అనుమానించాల్సిన చోట్లు ఉన్నమాట నిజమే, కానీ వాటి జోలికి ఎవరూ పోరు.

అపోహ: చూయింగ్ గమ్మో, ఉల్లిపాయో నమిలితే మెషీన్ పట్టదు.

వాసన పట్టేది ఎదుటి మనిషి ముక్కు, మెషీన్ కాదు. రక్తంలోని ఆల్కహాల్ ఊపిరితిత్తుల్లోని గాలిలోకి వస్తూనే ఉంటుంది. లోపలి నుంచి వచ్చే 2,100 మి.లీ. గాలిలో ఎంత ఉంటుందో 1 మి.లీ. రక్తంలో అంత ఉంటుందన్న లెక్క మీద చాలా మెషీన్లు నడుస్తాయి. చేతిలో పట్టుకునే వాటిలో ఫ్యూయల్ సెల్ ఉంటుంది. ఆల్కహాల్ తగిలితే అందులో కరెంటు పుడుతుంది, ఆ కరెంటే స్క్రీన్ మీద అంకె. ఊపిరి బిగపట్టి ఊదితే రీడింగ్ పెరుగుతుందే గానీ తగ్గదు. మౌత్‌వాష్ సంగతి మరీ చోద్యం. చాలావాటిలో ఆల్కహాలే ఉంటుంది, పుక్కిలించిన కాసేపు తాగనివాడికి కూడా అంకె చూపిస్తుంది. అందుకే పద్ధతిగా చేసేవాళ్లు 15 నిమిషాలు ఆగి ఊదిస్తారు.

అపోహ: బీరే కదా, లిమిట్ దాటదు.

5 శాతం బీరు 650 మి.లీ. సీసాలో ఆల్కహాల్ 25 గ్రాముల పైనే. 40 శాతం విస్కీ 60 మి.లీ.లో 19 గ్రాములు. ఏది ఎక్కువో మీరే చూడండి. పైగా ఏ లిమిట్? 100 మి.లీ. రక్తానికి భారత్‌లో 30 మి.గ్రా., స్వీడన్‌లో 20. అమెరికాలో దాదాపు అన్ని రాష్ట్రాల్లో 80, యూటాలో 50. ఇంగ్లండ్‌లో 80, పక్కనే ఉన్న స్కాట్లాండ్‌లో 50. అంతే తాగినా, బరువు తక్కువున్నవాళ్లకు అంకె ఎక్కువొస్తుంది. అదే బరువున్న మగవాళ్లతో పోలిస్తే ఆడవాళ్లకు కూడా అంతే, ఒంట్లో నీటి శాతం తక్కువ కాబట్టి.

అపోహ: పడుకుని లేస్తే దిగిపోతుంది.

నాకు బాగా చిరాకు తెప్పించేది ఇదే. కాలేయం ప్రతి 100 మి.లీ. రక్తంలో ఉన్న ఆల్కహాల్‌ను గంటకు సగటున 15 మి.గ్రా. తగ్గిస్తుంది, మనిషిని బట్టి 10 నుంచి 20. రాత్రి 11 గంటలకు 160 ఉందనుకోండి. పొద్దున 7కి ఎనిమిది గంటల్లో 120 పోయి ఇంకా 40 ఉంటుంది. స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆఫీసుకు బయల్దేరిన పెద్దమనిషి భారత్‌లో అయితే కేసులో ఇరుక్కున్నట్టే. కాఫీ నిద్రమత్తును వదిలిస్తుంది, కాలేయానికి మాత్రం ఏ సాయమూ చేయదు. దీనికి ఎదురు అపోహ కూడా ఉంది: "ఇప్పుడే తాగా, ఎక్కేలోపు ఇంటికెళ్లిపోతా." చివరి గ్లాసు తాలూకు ఆల్కహాల్ రక్తంలో పెరుగుతూ ఉండేది సరిగ్గా మీరు స్టీరింగ్ పట్టుకున్న ఆ అరగంట, గంటలోనే.

అపోహ: రక్త పరీక్షకు తిరుగులేదు.

సరిగ్గా తీస్తేనే. సీసా చేతికొస్తే నేను ముందు చూసేది రక్తాన్ని కాదు. మూత బూడిద రంగుదా, సీల్ చెక్కుచెదరలేదా, లేబుల్ మీద టైమ్ రాశారా అని. బూడిద మూత సీసాలో సోడియం ఫ్లోరైడ్ ఉంటుంది. అది లేకుండా రక్తం ఎండలో పడి ఉంటే సూక్ష్మజీవులు అందులో ఆల్కహాల్ తయారుచేయగలవు. సూది గుచ్చే ముందు చర్మాన్ని స్పిరిట్‌తో తుడవకూడదు. ఆసుపత్రుల్లో చాలాసార్లు సీరంలో, అంటే రక్తం గడ్డకట్టాక పైన మిగిలే ద్రవంలో, కొలుస్తారు. మొత్తం రక్తంలో కంటే అక్కడ అంకె ఎక్కువొస్తుంది, దాన్ని యథాతథంగా చట్టం లిమిట్‌తో పోల్చకూడదు. వాదించాలంటే లాయర్లు వాదించాల్సినవి ఇవీ.

అపోహ: ఊదనంటే కేసే ఉండదు.

బ్రిటన్‌లో సరైన కారణం లేకుండా శాంపిల్ ఇవ్వకపోవడమే నేరం. అమెరికాలో లైసెన్స్ పోవచ్చు. భారత్‌లో ఆ నిరాకరణే కోర్టులో మీకు వ్యతిరేక సాక్ష్యం కావచ్చు. రీడింగ్ మీద అనుమానం ఉంటే గొడవ పడొద్దు. ఊదే ముందు స్క్రీన్ మీద సున్నా చూపించమనండి, కొత్త గొట్టం పెట్టమనండి, రక్తం శాంపిల్ తీసుకోమని అప్పుడే అడగండి. మర్నాడు ఇచ్చే రక్తం ఆ రాత్రి సంగతి చెప్పదు.