కోవ్ రేవులోని ముగ్గురు పిల్లలు

చిరంజీవులకు,

ఆశీస్సులు. ఐర్లండ్ దక్షిణ తీరాన కోవ్ అనే రేవు పట్టణంలో, నీటి ఒడ్డున ఒక కంచు శిల్పం ఉంది. రాజులకూ సేనానులకూ విగ్రహాలు పెట్టడం లోకంలో మామూలే. ఇది మాత్రం ఊరు విడిచి వెళ్ళిన ఒక అక్కదీ, ఆమె ఇద్దరు తమ్ముళ్ళదీ. అందుకే దీని గురించి మీకు రాయాలనిపించింది.

అక్క పేరు యానీ మూర్, వయసు 17. తమ్ముళ్ళు ఆంథొనీ, ఫిలిప్. 1891 డిసెంబరు 20న, క్వీన్స్‌టౌన్ అని అప్పట్లో పిలిచే ఈ రేవులోనే వాళ్ళు నెవాడా అనే ఓడ ఎక్కారు. పెద్దవాళ్ళు ఎవరూ వెంట లేరు, ఎందుకంటే అమ్మానాన్నలు ముందే న్యూయార్క్ చేరుకున్నారు. మీకు ఇది వింతగా తోచవచ్చు గాని, ఇంటిల్లిపాదికీ ఒకేసారి టిక్కెట్లు కొనే స్తోమత లేని కుటుంబాలు అలా విడతలుగానే వెళ్ళేవి: ముందు వెళ్ళినవారు కూలో నాలో చేసి కూడబెట్టిన డబ్బుతో వెనక ఉన్నవారికి ప్రయాణం ఏర్పాటయ్యేది.

1845లో బంగాళదుంప పంటకు తెగులు సోకి కరవు వచ్చాక ఐర్లండ్ నుంచి వలస వెల్లువైంది. 1848 నుంచి 1950 వరకు ఐర్లండ్ విడిచిన దాదాపు 60 లక్షల మందిలో 25 లక్షల మందికి పైగా కోవ్ నుంచే ఓడ ఎక్కారు.

శిల్పి జీన్ రైన్‌హార్ట్ 1993లో మలిచిన ఈ శిల్పంలో ఒక తమ్ముడు సముద్రం వైపు వేలు చూపిస్తుంటే, యానీ మాత్రం వెనక్కి చూస్తూ ఉంటుంది. చిన్నవాడికి ముందున్నది కనబడుతోంది, పెద్దదానికి విడిచిపెడుతున్నది తెలుసు. నా దృష్టిలో శిల్పానికి ప్రాణం అక్కడే ఉంది. ఇదే శిల్పి చేసిన మరో యానీ అమెరికాలోని ఎల్లిస్ ద్వీపంలో, చేతిలో సంచితో ఒంటరిగా నిలబడి ఉంది. ఆ ద్వీపంలో వలసదారుల కేంద్రం తెరిచిన 1892 జనవరి 1న, అందరికంటే ముందు లోపలికి నడిచింది యానీయే. అక్కడి అధికారి ఆమెకు 10 డాలర్ల బంగారు నాణెం ఇచ్చాడు.

ఆ తర్వాత ఆమెను లోకం మరిచిపోయింది. చాలాకాలం టెక్సాస్‌లోని ఇంకో యానీ మూర్‌నే ఈమె అనుకున్నారు. అసలు యానీ న్యూయార్క్‌లోనే పెళ్ళి చేసుకుని, పుట్టిన బిడ్డల్లో పలువురిని పసితనంలోనే పోగొట్టుకుని, 1924లో కన్నుమూసిందని 2006లో గాని తేలలేదు. పేరైనా లేని ఆమె సమాధి మీద 2008లో, ఐర్లండ్ నుంచి తెచ్చిన రాతితో చేసిన శిలువను నిలబెట్టారు.

ఇట్లు,
మీ తాతయ్య