అడుసు తొక్కిన ఆదివారాలు

"గట్ల కాదు బిడ్డా, వేళ్లతోని కాదు, మడిమతోని తొక్కు" అన్నాడు మాకు పని నేర్పుతున్న తాత.

చేవెళ్ల దాటాక ఒక తోటలో, ప్యాంట్లు మోకాళ్ల పైకి మడుచుకుని, టార్పాలిన్ మీద పోసిన తడిమట్టిలో పదిమందిమి నిలబడి ఉన్నాం. అందరం హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లమే. ఆర్కిటెక్చర్ చదివే అమ్మాయిలు ఇద్దరు, రిటైరైన బ్యాంకు ఉద్యోగి ఒకరు, మిగతావాళ్లు సాఫ్ట్‌వేర్. తోటాయన పనిముట్లు పెట్టుకోవడానికి చిన్న మట్టిగది కట్టుకుంటున్నాడు. నేర్చుకుందామనుకునేవాళ్లు ఆదివారాలు వచ్చి పని చేయొచ్చు, మధ్యాహ్నం జొన్నరొట్టె, పప్పు పెడతారు. ఒప్పందం అంతే. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అని మా అమ్మ ఫోన్‌లో నవ్వింది.

వెళ్లేముందు నేను వీడియోలు చూసి ఒక లెక్క రాసుకున్నాను: ఇన్ని తట్టల మట్టికి ఇన్ని తట్టల ఇసుక, ఇంత గడ్డి. తాత ఆ కాగితం వైపు చూడనే లేదు. పిడికెడు మట్టి తీసి, నీళ్లు చిలకరించి, అరచేతుల మధ్య తాడులా పేని వేలాడదీశాడు. బెత్తెడు కూడా సాగకుండా తెగి పడింది. "బంక తక్కువున్నది. కుంట మన్ను కలుపాలె" అన్నాడు. నా లెక్క అక్కడితో అయిపోయింది.

మట్టి అని ఒక్క మాట అనేస్తాం గానీ అందులో కనీసం మూడు సరుకులుంటాయి. ఇసుక రేణువు కంటికి కనిపిస్తుంది, వేళ్ల మధ్య గరగరలాడుతుంది. ఒండ్రు దానికంటే సన్నం, తడిపితే పిండిలా ఉంటుంది. మూడోది బంకమన్ను. దాని రేణువు 2 మైక్రాన్ల లోపే, అంటే మిల్లీమీటరులో ఐదువందలో వంతు కూడా ఉండదు. గుండ్రంగా కాకుండా పలుచని రేకులా ఉంటుంది. అప్పడాల దొంతరను ఊహించుకోండి. రేకుల మధ్య నీటి పొర ఉన్నంతసేపు ఒకదాని మీద ఒకటి జారుతాయి, అందుకే తడిమట్టి చెప్పినట్టు వంగుతుంది. నీరు ఆరేకొద్దీ మిగిలిన సన్నటి పొర వాటిని దగ్గరికి లాగుతుంది, అవి బిగిసి ఇసుక రేణువులను పట్టుకుంటాయి. గోడలో ఇసుక ఎముకలాంటిదైతే బంక జిగురు. జిగురు తక్కువైతే గోడ రాలుతుంది, ఎక్కువైతే ఆరేటప్పుడు కుంచించుకుని పగుళ్లిస్తుంది. మట్టిగోడకు మామూలుగా 15 నుంచి 25 శాతం బంక ఉంటే చాలు.

సిమెంట్ గట్టిపడటానికీ దీనికీ తేడా ఇక్కడే ఉంది. సిమెంట్ నీటితో రసాయనికంగా కలిసి కొత్త పదార్థమవుతుంది, వెనక్కి రాదు. బట్టీలో 900 డిగ్రీల దాకా కాల్చిన ఇటుకా అంతే. పచ్చిమట్టిలో అలాంటి మార్పేమీ లేదు, తడి ఆరిందంతే. మళ్లీ నీళ్లు పోస్తే మళ్లీ బురద. మట్టి ఇంటి బలం, బలహీనత రెండూ ఈ ఒక్క గుణం నుంచే వస్తాయి.

బంక ఎంతుందో చూడటానికి తాత చేతులకు వేరే సాధనం అక్కర్లేదు. మాకు మాత్రం సీసా కావాల్సి వచ్చింది. పారదర్శకమైన లీటరు సీసాలో మూడో వంతు పొడిమట్టి, మిగతా నీళ్లు పోసి, మూత పెట్టి బాగా కుదిపి, కదపకుండా నిలబెట్టాలి. నిమిషం లోపే అడుగున ఇసుక దిగుతుంది. ఆ పైన గంటల తరబడి ఒండ్రు పేరుకుంటుంది. బంక మాత్రం రోజంతా తేలుతూ నీళ్లను టీ రంగులో ఉంచి, మర్నాటికి పై పొరగా కూర్చుంటుంది. స్కేలు పెట్టి పొరలు కొలిస్తే సుమారు లెక్క వచ్చేస్తుంది. మా సీసాల్లో గది పక్కన తవ్విన మట్టికి పైన సన్నటి ఎర్రగీత ఒక్కటే మిగిలింది. కింద కుంటలోంచి తెచ్చినదానికి ఇసుక జాడే అరుదు, నల్లటి బంక సగం సీసా ఉంది.

ఒకే తోటలో రెండు మట్లు ఉండటం మా దగ్గర వింతేమీ కాదు. హైదరాబాద్ కూర్చున్నది గ్రానైట్ మీద. అది శిథిలమైతే మొరం, ఎర్రనేల వస్తాయి. పడమరగా వికారాబాద్ వైపు పోతుంటే దక్కన్ లావా రాయి, అంటే బసాల్ట్, మొదలవుతుంది. దాని నుంచి వచ్చేది నల్లరేగడి. ఎర్రమట్టిలో ఎక్కువగా ఉండే కేయోలినైట్ అనే బంక నీటికి పెద్దగా ఉబ్బదు. నల్లరేగడిలోని మాంట్‌మోరిల్లనైట్ తన పొరల మధ్యలోకి కూడా నీరు పీల్చుకుని ఉబ్బుతుంది, ఎండితే అంతకంత ముడుచుకుంటుంది. ఎండాకాలంలో రేగడి చేలో కాలు దిగేంత నెర్రెలు పడేది ఇందుకే. చెరువుల అడుగున చేరేది కూడా సన్నటి మన్నే. 2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక ట్రాక్టర్లకొద్దీ పొలాలకు తోలిన పూడికమట్టి ఇదే.

ఇంత తెలిశాక కూడా మేం తప్పు చేశాం. తాత రాని ఒక ఆదివారం ఉత్సాహం ఆపుకోలేక, జిగురు కదా అని కుంటమన్ను సగానికి సగం కలిపేశాం. ముద్ద అద్భుతంగా వచ్చింది. వెన్నలా సాగింది, ఫొటోలు దిగాం. వారం తర్వాత వెళ్లి చూస్తే ఆ వరుస అంతా రేగడి చేను మాదిరిగా నెర్రెలిచ్చి ఉంది. తాత ఏమీ అనలేదు. పార అందించాడు. మొత్తం పగలగొట్టి, నానబెట్టి, ఇసుక వేసి మళ్లీ తొక్కాం. కాంక్రీటయితే ఆ తప్పు చెత్తకుప్పకు పోయేది. మాది మళ్లీ గోడకే పోయింది.

మడిమ సంగతి కూడా అప్పుడే అర్థమైంది. వేళ్లతో తొక్కితే మట్టి పక్కకు జరుగుతుందంతే. ఒంటి బరువంతా చిన్న మడిమ మీద పడితే ముద్ద నలుగుతుంది, ప్రతి ఇసుక రేణువు చుట్టూ బంక పూతలా అంటుకుంటుంది. టార్పాలిన్ అంచు పట్టి ముద్దను తిరగేసి మళ్లీ తొక్కాలి. మూడోసారికి మట్టి కాలికి తగిలే తీరే మారిపోతుంది. అది ఎలా ఉంటుందో రాయడానికి నాకు మాట దొరకలేదు. చివర్న వరిగడ్డి చల్లి తొక్కుతారు. మట్టి నొక్కుడుకు తట్టుకుంటుంది, లాగుడుకు తట్టుకోదు. ఆ లాగుడును గడ్డిపోచలు మోస్తాయి, ఆరేటప్పుడు మట్టి కుంచించుకోవడాన్ని నలుదిక్కులా పంచి ఒక పెద్ద పగులు రాకుండా చూస్తాయి.

గోడ మూరెడు మందం. ఒక్కో వరుస మూరెడు ఎత్తు, అంతకంటే లేపకూడదు. అది ఆరకుండానే పై వరుస పెడితే బరువుకు కింది గోడకు కడుపొస్తుంది. మాకూ ఒకచోట వచ్చింది, చెక్కేశాం.

మట్టి ఇల్లు చల్లగా ఎందుకుంటుందంటే వేడిని ఆపుతుంది కాబట్టి అని చాలామంది చెబుతారు. నిజానికి ఆపదు, ఆలస్యం చేస్తుంది. బయటి ఎండ మూరెడు గోడ దాటి లోపలికి చేరేసరికి పది పన్నెండు గంటలు పడుతుంది. మధ్యాహ్నం వేడి అర్ధరాత్రి దాటాక, బయట గాలి చల్లబడ్డాక వస్తుంది, కిటికీ తీస్తే పోతుంది. మే నెలలో పగలు 40, తెల్లవారుజామున 26 ఉండే ఊళ్లో ఇది బాగా పనికొస్తుంది. మా ఫ్లాటుది పై అంతస్తు. పలుచని స్లాబు మధ్యాహ్నపు ఎండను సరిగ్గా నేను ఆఫీసు నుంచి వచ్చి కూర్చునే వేళకు నెత్తిన పోస్తుంది.

ఇక వాన. మట్టిగోడకు ప్రమాదం పైనుంచి పడే చినుకు కంటే, నేలకు తగిలి వెనక్కి ఎగిరే చినుకుతో ఎక్కువ. అడుగు మొదలు తడిసి తడిసి తినేస్తుంది. అందుకే మన పాత ఇళ్లకు రాతి కట్టు, బాగా ముందుకొచ్చిన చూరు ఉండేవి. పాలమూరు, రాయలసీమల్లో మట్టి మిద్దెల వాళ్ల ఉపాయం నాకు ఇంకా ఇష్టం. వానలకు ముందు మిద్దె మీద చౌడుమట్టి పరుస్తారు. చౌడులో సోడియం ఎక్కువ. తడవగానే అందులోని బంక రేణువులు విడిపోయి సందుల్లో దూరి మూసేస్తాయి, నీరు ఇంకదు. పొలంలో పంటను చంపేది ఈ గుణమే, ఇంటి మీద కురవకుండా కాపాడేదీ ఇదే.

ఇవన్నీ విని ఎవరైనా మట్టి ఇల్లు చవక అనుకుంటే పొరపాటు. మట్టి చవక, మనుషులు కాదు. ఒక్క వరుసకు పదిమందిమి పొద్దంతా తొక్కాం. పూర్వం ఊళ్లో కూలి లెక్క లేకుండా బదులుకు పోయేవాళ్లు, ఇవాళ మీ గోడకు మేం, రేపు మా గోడకు మీరు. పశ్చిమాఫ్రికాలో మాలి దేశపు జెన్నే పట్టణంలో 1907లో కట్టిన పెద్ద మట్టి మసీదుకు ఏటా ఊరంతా కలిసి పూత వేస్తుంది, అది వాళ్లకు పండగ. ఆ మనుషులు లేనిచోట యంత్రంతో నొక్కిన మట్టి ఇటుకలు ఒక దారి: ఇసుకపాలు ఎక్కువున్న మట్టికి ఐదారు శాతం సిమెంట్, రేగడిపాలు ఎక్కువైతే సున్నం కలిపి అచ్చు తీస్తారు, కాల్చే పని లేదు. రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ ఆవరణలో, గ్రామీణ సాంకేతిక పార్కులో ఇలాంటి నమూనా ఇళ్లు చూడొచ్చు. వెళ్తే గోడ మీద చేయి పెట్టి చూడండి, ముఖ్యంగా మధ్యాహ్నం పూట.

మా గది గోడలు లేచాయి, పేడ, ఎర్రమట్టి కలిపిన పూత ఒక్కటి మిగిలింది. పోయిన వారం అచ్చు పోసిన పచ్చి ఇటుక ఒకటి ఇంటికి తెచ్చాను. మా పాప దాన్ని బకెట్ నీళ్లలో వేసింది. ముందు బుడగలొచ్చాయి, అంచులు జారాయి, అరగంటకల్లా ఇటుక లేదు. మర్నాడు పొద్దున చూస్తే అడుగున ఇసుక, దాని మీద ఒండ్రు, పైన ఎర్రటి బంక, గడ్డిపోచలు మాత్రం తేలుతున్నాయి. పాప స్కేలు తెచ్చుకుంది.