రికంబెంట్ సైకిల్: అపోహలు - వాస్తవాలు

వీపు ఆనించి, కాళ్లు ముందుకు చాచి తొక్కే సైకిల్ చూడగానే ఎవరైనా అడిగేది ఒకటే: "ఇంత కింద కూర్చుంటే లారీవాడికి కనపడతారా?" అడగాల్సిన ప్రశ్నే. చిక్కేమిటంటే, కొత్తగా కొన్నవాళ్లు ఆ ఒక్క భయంతోనే జెండా కట్టి, లైట్లు బిగించి, పాదాల సంగతి గాలికి వదిలేస్తారు. అందుకే ముందు పాదాలు.

అపోహ: కింద కూర్చున్నాం కాబట్టి మామూలు పెడల్స్ చాలు, కాలు జారినా నేల దగ్గరే.

వాస్తవం: నేల దగ్గరగా ఉండటమే ఇక్కడి ప్రమాదం. మామూలు సైకిల్ మీద పాదం పెడల్ పైన బరువుతో ఆని ఉంటుంది. రికంబెంట్ మీద గాలిలో వేలాడుతుంది. గుంతలో కుదుపు వచ్చి పాదం జారితే మడమ రోడ్డుకి తగిలి అక్కడే ఆగుతుంది, బండి మాత్రం ముందుకే పోతుంది. ట్రైక్ అంటే మూడు చక్రాల రికంబెంట్; ముందు రెండు, వెనక ఒక చక్రం ఉండే టాడ్‌పోల్ ట్రైక్ అయితే ఆ కాలి మీదికి అడ్డ గొట్టం వచ్చేస్తుంది. చీలమండ, మోకాలు, తుంటి అన్నీ ఒకేసారి మెలిపడతాయి. దీన్నే లెగ్ సక్ అంటారు. గంటకు 20 కిలోమీటర్ల వేగం కూడా దీనికి ఎక్కువే.

మందు కూడా సులువే. క్లీట్ బూట్లు (అడుగున చిన్న లోహపు ముక్క ఉన్నవి), ఆ ముక్కని పట్టి ఉంచే క్లిప్‌లెస్ పెడల్స్ వాడాలి. క్లీట్లు ఇష్టం లేకపోతే మడమ వెనక పట్టీ ఉన్న పెడల్స్ బిగించుకోవాలి. ట్రైక్‌కి, మడమ పక్కకి తిప్పితేనే ఊడే షిమానో ఎస్‌హెచ్ 51 క్లీట్ సరిపోతుంది, ఆగినా కాలు తీయనక్కర్లేదు కాబట్టి. రెండు చక్రాల బండి నేర్చుకునేవారికి ఏ పక్కకి తిప్పినా ఊడివచ్చే ఎస్‌హెచ్ 56 మేలు. పెడల్ స్ప్రింగు మరీ వదులుగా ఉంచితే కుదుపుకే ఊడిపోతుంది; బండి నిలిపి పాదాన్ని గట్టిగా ఊపి చూసి బిగించుకోండి. హవాయి చెప్పులతో మాత్రం వీధి చివరి దాకా కూడా వద్దు. కుక్క వెంటపడితే కాలు విదిలించడమూ అంతే. వేగం తగ్గించండి, అవసరమైతే ఆగి గట్టిగా అదిలించండి. ట్రైక్ మీద కుక్క మొహం మన మొహం ఎత్తులోనే ఉంటుంది, భయం సహజమే. అయినా పాదం పెడల్ దాటకూడదు.

అపోహ: కిందుంటే ఎవరికీ కనపడం.

వాస్తవం: రికంబెంట్లన్నీ ఒకే ఎత్తు కాదు. రెండు పెద్ద చక్రాల హైరేసర్ మీద మన కళ్లు కారు డ్రైవరు కళ్లకు దాదాపు సమానంగా ఉంటాయి. ట్రైక్, సీటు బాగా కిందుండే రెండు చక్రాల లోరేసర్ నిజంగానే కింద ఉంటాయి. కానీ ఖాళీ రోడ్డు మీద వెనకనుంచి వచ్చేవాడికి ట్రైక్ బాగానే కనపడుతుంది. ఆ వింత ఆకారం చూసి వేగం తగ్గించి, ఎక్కువ చోటు వదులుతారని తొక్కేవాళ్లు చాలామంది చెప్పే మాట.

అసలు ముప్పు రెండు చోట్ల. ఒకటి, లారీ, బస్సుల ముందు, క్యాబిన్ పక్క. అంత ఎత్తులో కూర్చున్న డ్రైవరుకి క్యాబిన్‌కి ఆనుకుని ఉన్న కొన్ని మీటర్లలో ట్రైక్ పూర్తిగా మాయమవుతుంది. సిగ్నల్ దగ్గర సందులోంచి ముందుకు దూరడం మానేసి, వెనకాలే వరుసలో ఆగాలి. రెండోది గోడ మూలలు, ఆగి ఉన్న కార్ల మధ్య సందులు. మన కళ్ల కన్నా పాదాలు దాదాపు మీటరు ముందుంటాయి. రోడ్డు చూడాలంటే ముందు పాదాలను ట్రాఫిక్‌లో పెట్టాల్సి వస్తుంది. అలాంటి చోట దిగి, తోసుకుంటూ చూసుకోవడంలో నామోషీ ఏమీ లేదు.

జెండా కొన నేలనుంచి మనిషి ఎత్తున ఎగరాలి. పగలు కూడా వెనక మినుకుమనే లైటు వెలగాలి. అద్దం తప్పనిసరి, రెండు వైపులా ఉంటే మేలు: సీటుకి ఆనిన మెడ వెనక్కి తిరగదు. ఒక్కటే పెట్టుకుంటే మన దేశంలో కుడి పక్క.

అపోహ: మూడు చక్రాలుంటే పడే ప్రసక్తే లేదు.

వాస్తవం: మలుపులో వేగం ఎక్కువైతే లోపలి ముందు చక్రం లేచిపోతుంది. ఒళ్లు మలుపు లోపలి వైపుకి వంచాలి, బ్రేక్ మలుపులోకి దిగకముందే వేయాలి. చాలా టాడ్‌పోల్ ట్రైక్‌లలో ఎడమ లివర్ ఎడమ చక్రానికి, కుడిది కుడి చక్రానికి. ఒకటే నొక్కితే బండి ఆ పక్కకి లాగుతుంది. రెండూ ఒకేసారి గట్టిగా పట్టేస్తే, ముఖ్యంగా దిగుడులో, వెనక చక్రం లేస్తుంది. వెనక ఉండే పార్కింగ్ బ్రేక్ నిలిపిన బండి జారకుండా ఉండటానికే; పరుగులో ఉన్న బండిని ఆపడానికి దాన్ని నమ్ముకోవద్దు.

అపోహ: రెండు చక్రాల రికంబెంట్ మీద బ్యాలెన్స్ కుదరదు.

వాస్తవం: కుదురుతుంది, పాత అలవాట్లు వదిలితే. హ్యాండిల్ పట్టుకుని పైకి లాక్కుంటే బండి పాములా మెలికలు తిరుగుతుంది. వీపు పూర్తిగా సీటుకి ఆనించి, భుజాలు వదులు చేయాలి. కొద్దిపాటి వాలులో పెడల్ తొక్కకుండా, పాదాలు నేలకి కాస్త పైన ఉంచి జారడంతో మొదలుపెట్టండి. బయలుదేరేటప్పుడు చిన్న గేరు వేసి, బ్రేక్ పట్టుకుని, ఒక పెడల్‌ని పైకి తెచ్చి కాస్త మన వైపు వాలేలా ఉంచాలి. బ్రేక్ వదులుతూ గట్టిగా ఒక తోపు, వెంటనే రెండో పాదం పైకి. చాలామంది ఆగిపోయేది బండిని పెద్ద గేరులోనే ఉంచి మరిచిపోవడం వల్లే.

అపోహ: పోటీల్లో నిషేధించారంటే ప్రమాదకరమనే కదా.

వాస్తవం: 1933లో సైక్లిస్టు ఫ్రాన్సిస్ ఫోర్, షార్ల్ మోషే తయారుచేసిన వెలోకార్ అనే రికంబెంట్ మీద గంటలో 45.055 కిలోమీటర్లు తొక్కి, 1914 నాటి ఆస్కార్ ఎగ్ రికార్డుని దాటాడు. మరుసటి ఏడు అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం సైకిల్ నిర్వచనాన్నే మార్చి రికంబెంట్‌ని పోటీల నుంచి తప్పించింది. గొడవ వేగం గురించి, భద్రత గురించి కాదు.

అపోహ: హెల్మెట్ అవసరం లేదు.

వాస్తవం: అవసరమే. హ్యాండిల్ మీదుగా తలకిందులయ్యే ప్రమాదం తక్కువన్నది నిజం. కానీ ముందు చక్రం జారితే పక్కకి పడతాం, తుంటి, మోచెయ్యి, ఆ వెంటే తల. వెనక తోకలా పొడుచుకొచ్చే హెల్మెట్ హెడ్‌రెస్ట్‌కి తగిలి కళ్ల మీదకి జారుతుంది. వెనక చదునుగా ఉన్నది కొనండి.

అపోహ: రికంబెంట్ ఎత్తు రోడ్డు ఎక్కనే ఎక్కదు.

వాస్తవం: నెమ్మదిగా ఎక్కుతుంది. లేచి నిలబడి తొక్కే వీలు లేదు కాబట్టి గేర్లే దిక్కు. 26 ఇంచుల వెనక చక్రానికి ముందు 30, వెనక 36 పళ్లుంటే పెడల్ ఒక చుట్టుకి బండి సుమారు 1.7 మీటర్లు కదులుతుంది. నిమిషానికి 60 చుట్లు తిప్పితే గంటకు 6 కిలోమీటర్లు. ఆ వేగంలో రెండు చక్రాలది ఊగుతుంది, ట్రైక్ ఊగదు. పెద్ద గేరులో కాళ్లతో నెట్టేవారికి మోకాళ్లే ముందు పోతాయి, వెనక ఆనుకోవడానికి సీటు ఉంది కదా మరి.

మోకాలి నొప్పికి ఇంకో కారణం బూమ్, అంటే పెడల్స్‌ని మోసే ముందు గొట్టం, పొడవు. పెడల్ అన్నిటికన్నా దూరంగా ఉన్నప్పుడు దాని మీద మడమ పెడితే కాలు సరిగ్గా నిటారు కావాలి. పొట్టిగా ఉంటే మోకాలి ముందు, పొడవైతే మోకాలి వెనక నొప్పి. బూమ్‌ని 2.5 సెంటీమీటర్లు ముందుకు జరిపితే చైన్‌కి 5 సెంటీమీటర్లు, అంటే నాలుగు లింకులు చేర్చాలి. ఇది మరిచి పెద్ద చైన్‌రింగు (ముందు పళ్ల చక్రం), పెద్ద కాగ్ (వెనక పళ్ల చక్రం) మీదకి గేరు మారిస్తే గేర్లు మార్చే డెరైల్యూర్ విరగొచ్చు.

అపోహ: మన రోడ్ల మీద పనికిరాదు.

వాస్తవం: సగం నిజం. ట్రైక్ మూడు గీతల మీద నడుస్తుంది, గుంతని ఒక చక్రం తప్పించినా ఇంకోటి తప్పించదు. సీటులోంచి లేవలేం కాబట్టి ఆ దెబ్బ నేరుగా వెన్నుకే. 40 మిల్లీమీటర్లు, ఆపై వెడల్పు టైర్లు వేసి గాలి కాస్త తగ్గించాలి. స్పీడ్ బ్రేకర్‌ని నిదానంగా, నేరుగా దాటాలి. నేర్చుకోవడానికి హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ లాంటి చోటు మంచిది.

చిన్న చక్రానికి టైరు కొనేటప్పుడు "20 ఇంచులు" అని మాత్రమే అడగొద్దు. 20 × 1.50 అని దశాంశంలో రాసింది 406 కొలత (రిమ్ వ్యాసం, మిల్లీమీటర్లలో), 20 × 1 1/8 అని భిన్నంలో రాసింది 451. ఒకటి ఇంకోదాని రిమ్ మీద ఎక్కదు. పాత టైరు పక్కన అచ్చేసిన మూడంకెల సంఖ్య చూసి అడగండి.